గాలి దూరిన గది

ఏం పని చేసేవాడివని ఎవరైనా అడిగితే వైర్‌మన్‌ని అని చెప్పి ఊరుకుంటాను. గుర్రాల ట్రైలర్లకు కరెంటు పని చేసేవాణ్ని అంటే ఇక్కడ మలాయ్ దేశంలో, మా ఇపో ఊరి కాఫీ షాపులో పక్క బల్లవాళ్లు కూడా ఇటు తిరుగుతారు. గుర్రానికి కరెంటు ఎందుకయ్యా అని ఒకాయన అడిగాడు. గుర్రానికి కాదు, గుర్రంతో పాటు వెళ్లే మనిషికి అన్నాను. ఆయన అప్పటికే తన టీ గ్లాసు వైపు తిరిగిపోయాడు. మనిషి సంగతి అనేసరికి ఎవరికీ అంత సరదాగా ఉండదు.

పని మానేసి మూడేళ్లయింది. నా చోట ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. మొన్న ఇంటికి వచ్చి, ట్రైలర్‌లో జనరేటర్ ఎక్కడ పెట్టాలో ఒక కాగితం మీద రాసివ్వమన్నారు. ఒక్క కాగితంతో తేలిపోతుందనుకున్నారు పాపం. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి మలాయ్‌లో వేరే రాసిస్తాను. కానీ ముందు తెలుగులో రాసుకుంటున్నాను. అమ్మ దిద్దించిన అక్షరాలు, తర్వాత ఆదివారం క్లాసుల్లో నేర్చుకున్న పుస్తకాల భాష, రెండూ ఇన్నాళ్లకు పనికొస్తున్నాయి. మలాయ్‌లో మొదలుపెడితే ఒక బొమ్మ గీసి, నాలుగు బాణాలు వేసి ఇచ్చేస్తానని నాకు తెలుసు. నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు తెలుగులో జరిగింది. దాన్ని ముందు తెలుగులోనే చెప్పాలి.

గది

చూడనివాళ్లకు ముందు ట్రైలర్ ఎలా ఉంటుందో చెబుతాను. పికప్ బండి వెనక తగిలించి లాగే పొడవాటి ఇనప డబ్బా అది. వెనక భాగంలో రెండు మూడు గుర్రాలు నిలబడతాయి. ముందు భాగంలో ఒక చిన్న గది. గదిలో సింకు, ఒక బల్ల, ఇంకాస్త ముందుకు పొడుచుకొచ్చినట్టు మంచం. గుర్రప్పందాలకూ దూరపు స్వారీ పోటీలకూ వెళ్లినప్పుడు సైస్, అంటే గుర్రాల్ని చూసుకునే మనిషి, రెండు మూడు రోజులు ఆ గదిలోనే ఉంటాడు. మన ఎండకు ఇనప డబ్బాలో ఏసీ లేకుండా ఉండలేం. మైదానంలో కరెంటు ఉండదు. కాబట్టి జనరేటర్.

ట్రైలర్ కట్టించుకునేవాళ్లు అన్నీ అడుగుతారు. గుర్రం కాలికింద రబ్బరు ఎంత మందం, కిటికీ చువ్వల మధ్య ఎంత ఎడం, బయట రంగు ఏది. జనరేటర్ ఎక్కడ అని మాత్రం చివర్లో, తాళాలు తీసుకునేటప్పుడు అడుగుతారు. అది ఎక్కడో ఒకచోట మిగిలిన ఖాళీలో ఇమిడిపోవాలని వాళ్ల ఉద్దేశం. మొదట్లో నా ఉద్దేశం కూడా అదే, దాచుకోవడం దేనికి.

మెలతి

గదితో సహా మేము కట్టిన మొదటి ట్రైలర్‌లో జనరేటర్‌ని వెనక, గుర్రాలు ఎక్కే పలక పక్కన పెట్టాం. మా తౌకే, అంటే వర్క్‌షాప్ యజమాని, దానికి మంచి కారణమే చెప్పాడు. బండి ముందుకు పోతుంది, పొగ వెనక్కి పోతుంది. నాకూ సబబుగానే తోచింది. మేమిద్దరం మరిచిపోయింది ఏమిటంటే, జనరేటర్ పని చేసేది బండి ఆగాక. ఆగిన బండికి ముందూ వెనకా ఉండవు. గాలి ఎటు వీస్తే పొగ అటు పోతుంది, వీయకపోతే అక్కడే కూర్చుంటుంది.

అది మాకు చెప్పింది మెలతి అనే ఆడగుర్రం. ట్రైలర్ అప్పగించే రోజున జనరేటర్ నడిపి చూపిస్తుంటే, ఎంత లాగినా పలక మీద కాలు పెట్టలేదు. గుర్రం యజమాని చిరాకుపడ్డాడు. తౌకే గుర్రానిదే పొగరన్నాడు. సైస్ మాత్రం ఎవరితోనూ వాదించలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, మెల్లగా మాట్లాడుతున్నాడు.

"నీకేటి బయమో నాకు తెలుసే తల్లీ. ఈళ్లకే తెల్దు."

నేను గట్టిగా నవ్వేశాను. ఆ వర్క్‌షాప్‌లో అన్నేళ్లలో నేను విన్న మొదటి తెలుగు మాట అది. అతను తిరిగి చూసి, తెలుగోడివా అని అడిగాడు. పేరు అప్పారావు, ఊరు సుంగై సుమున్, తాత కొబ్బరి ఎస్టేట్‌లో కూలి. మా తాతా అలాంటి ఎస్టేట్‌కే వచ్చినవాడు. ఇంటిపేర్లు చెప్పుకుని ఐదు నిమిషాల్లో వరస కలిపేసుకున్నాం. నిజంగా చుట్టరికం ఉందో లేదో తెలీదు గానీ, ఆ రోజు నుంచి నేనతనికి బావని, అతను నాకు బావ.

అప్పుడు అతను నా చెయ్యి పట్టుకుని ట్రైలర్ వెనక రేకు మీద ఆనించాడు. కాలుతోంది. ఆ రేకుకి అటువైపు జానెడు దూరంలో ఎండు గడ్డి మోపులు. గుర్రం భయపడింది చప్పుడుకి, అప్పారావు భయపడింది గడ్డికి. జనరేటర్ అక్కణ్నుంచి తీసేశాం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. ట్రైలర్ కొనేవాడిని కాదు, అందులో ఉండేవాడిని అడగండి. కొనేవాడు దాన్ని బయటి నుంచి చూస్తాడు.

మా అమ్మ పోయాక నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేకపోయారు. నా భార్య తమిళావిడ, మా ఇంటి మాట తమిళం. ఆవిడా ఆరేళ్ల కిందట పోయింది, పిల్లల్లేరు. అందుకని అప్పారావు ఫోన్లు నాకు ఎంత ముఖ్యమో నేను ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా. వారానికోసారి చేసేవాడు. మెలతి తిన్నదీ తిననిదీ, వాన పడిందీ పడనిదీ, అంతే. నేను ఏదైనా చెబితే, నువ్వు పుస్తకం సదివినట్టు మాట్లాడతావు లా అని, ఇక్కడి అందరిలాగే మాట చివర ఆ 'లా' తగిలించి, వెక్కిరించేవాడు. నేను చేశాను అంటే, సేసినాను అను బావా, నోరు నొప్పెడతదా అనేవాడు. అతనితో మాట్లాడిన సాయంత్రాలు ఇల్లు కాస్త చిన్నదిగా, ఇరుగ్గా, బాగా అనిపించేది.

తౌకే చెప్పిన అందమైన చోటు

మా తౌకే చెడ్డవాడు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఇలాంటి కథల్లో యజమాని మీద నెట్టేయడం సులువు. ఆయన పని తెలిసినవాడు, కోపిష్టి, అబద్ధం ఆడనివాడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, బండి పక్కభాగం నున్నగా ఉండాలి. ఏదీ పొడుచుకుని రాకూడదు.

తర్వాతి ట్రైలర్ కూడా మెలతి యజమానే కట్టించుకున్నాడు. జనరేటర్‌ని ముందుకి తెచ్చి, మంచం కింద ఒక పెట్టెలో అమర్చాం. గుర్రాలకు చప్పుడు దూరం, గడ్డికి వేడి దూరం, బరువు సమంగా పడుతుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంది. పొగ గొట్టాన్ని పక్క గోడ దాటించి బయటికి తీయాలి. అలా తీస్తే నున్నటి పక్కభాగం మీద గొట్టం కనిపిస్తుంది. అందుకని నేల కిందికి దించి, ట్రైలర్ పొట్ట కిందే ఆపేశాం. ఆపింది తౌకే అనడం లేదు, ఆపేశాం అంటున్నాను.

రెండో సంగతి పూర్తిగా నాదే. పెట్టెలోంచి గదిలోకి వైరు రావాలంటే రేకుకి బెజ్జం వేయాలి. వేశాను. వైరుకి సరిపోయే రబ్బరు చుట్టు ఆ రోజు స్టోరులో లేదు. కాస్త పెద్దది పెట్టాను. వైరు చుట్టూ సందు మిగిలింది, వేలి గోరు పట్టేంత. తర్వాత మైనంలాంటి సీలెంట్‌తో పూడుద్దామనుకున్నాను. ఆ మధ్యాహ్నమే బండి పోటీకి వెళ్లాలన్నారు. వెళ్లేముందు తౌకే ఒకటే అడిగాడు, లోపలికి పొగ వస్తుందా అని. జనరేటర్ నడిపి, మంచం దగ్గర ముక్కు పెట్టి చూశాను. పొగ లేదు, వాసన లేదు. రావడం లేదని చెప్పాను. చంపే గాలికి రంగూ లేదు, వాసనా లేదు. కార్బన్ మోనాక్సైడ్ అనే పేరు నేను పరీక్షకి చదువుకుని పాసైనదే. అయినా ముక్కుతో వెతికాను.

అప్పారావు చాలా సంతోషించాడు. బావ కట్టిన గది అని అందరికీ చూపించేవాడట.

గాలి

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన దేశంలో పుట్టిన ఎవరికైనా, ఏ భాషవాడికైనా, తల దిమ్ముగా ఉండి కడుపులో తిప్పితే అది మాసుక్ ఆంగిన్. గాలి లోపలికి దూరడం అన్నమాట. మనం తెలుగులో గాలి దూరిందనేస్తాం. మందు కూడా అందరికీ తెలిసిందే. ఘాటు నూనె తీసి కణతలకి, పొట్టకి రాసుకుని, ఇంకా గాలి తగలకుండా కిటికీలు మూసుకుని, దుప్పటి కప్పుకుని పడుకోవడం. మా అమ్మ నాకు చేసింది అదే. మా ఆవిడా చేసింది అదే. దానివల్ల ఎవరికీ హాని జరగడం అప్పటిదాకా నేను చూడలేదు.

ఆ పోటీ సుంగై పెటాని అవతల, రబ్బరు చెట్లు కొట్టేసిన ఒక మైదానంలో. రెండో రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే అప్పారావు ఫోన్ చేశాడు. అక్కడ పెద్ద వానట. గుర్రాలకి జల్లు కొట్టకుండా ట్రైలర్‌కి ఒక పక్క తార్పాలిన్ నేలదాకా దించానని చెప్పాడు. మిగతావాళ్లు పశువుల డాక్టర్ దగ్గర వరసలో ఉన్నారు, తను ఏసీ నడుస్తున్నా గాలాడనట్టుందని కిటికీ ఓరగా తీసి, కాసేపు గదిలో నడుం వాల్చాడు.

"గాలి దూరేసింది బావా. తల పగిలిపోతంది, వాంతొచ్చినట్టుంది లా."

ఏం తిన్నావని అడిగాను. ఏమీ తినలేదన్నాడు. నిన్న కూడా ఇలాగే అయిందన్నాడు.

"గుర్రం కాడికెళ్తే తగ్గిపోతంది. గదిలోకొస్తే మల్లీ పట్టుకుంటంది."

నేను నవ్వాను. గుర్రం మీద అంత ప్రేమ ఉంటే గుర్రం పక్కనే పడుకో అన్నాను. తర్వాత, ఆకలి మీద ఉన్నానేమో, తొందరగా ఫోన్ పెట్టేయాలని ఈ మాట అన్నాను:

"నూనె రాసుకో. కిటికీ మూసీసి పడుకో. గంటలో తగ్గిపోద్ది."

సరే బావా అన్నాడు. ఈ ఒక్క మాటనీ నేను ఇప్పటికి ఎన్ని వేలసార్లు విన్నానో చెప్పలేను.

అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుని పనిలోకి వెళ్లాను. అప్పటికి అదే నమూనాలో మరో ట్రైలర్ కడుతున్నాం. జనరేటర్ పెట్టెలో దీపం వేలాడదీసి బోల్టులు బిగించాను. తర్వాత గదిలోకి వెళితే మంచం మీద, సరిగ్గా తలగడ ఉండే చోట, చిన్న నాణెమంత వెలుతురు పడి ఉంది. పెట్టెలోని దీపం వెలుతురు. ఇందులోనూ నేను అలాగే వదిలేసిన బెజ్జంలోంచి వస్తోంది.

దాన్ని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు అతని మాట మళ్లీ వినిపించింది. గుర్రం కాడికెళ్తే తగ్గిపోతంది. గాలి దూరినవాడికి వానలో బయటికెళితే ఎక్కువవుతుంది గానీ తగ్గదు. గదిలోకొస్తే పట్టుకుంటోందంటే ఆ జబ్బు మనిషిలో లేదు, గదిలో ఉంది.

ఫోన్ చేశాను. మోగింది, తీయలేదు. మళ్లీ చేశాను. నాలుగోసారి మోగుతుండగానే తౌకే దగ్గరికి పరిగెత్తాను. ఏం జరిగిందో సగం చెప్పేసరికే ఆయన మైదానంలో తనకి తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. చివరికి ఆ పశువుల డాక్టరమ్మ దొరికింది. ఆవిడ వానలో పరిగెత్తి వెళ్లి గది తలుపు తీసింది. అప్పారావు దుప్పటి నిండా కప్పుకుని ఉన్నాడట. కణతల దగ్గర నూనె ఇంకా తడిగానే ఉందట.

పక్క భాగంలో మెలతి మేత తింటూ నిలబడి ఉంది. దానికేమీ కాలేదు. గుర్రాలకి ఉక్కపోయకూడదని వాటి వైపు రెండు పక్కలా చువ్వల కిటికీలు, పైన గాలి మూతలు పెట్టాం. మనిషికి చల్లగా ఉండాలని అతని గదిని మాత్రం, కిటికీ మూస్తే ఇక ఎక్కడా సందు లేకుండా కట్టేశాం, నేను వేసిన ఒక్క బెజ్జం తప్ప.

ఒక వాక్యం

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రాణం దక్కింది. మూడో రోజున నేనూ తౌకే వెళ్లేసరికి మంచం పక్కన విచారణకి వచ్చిన ఆఫీసరు ఉన్నాడు. నెమ్మదైన మనిషి. జనరేటర్ నడుస్తుండగా కిటికీ ఎందుకు మూసుకున్నావని మలాయ్‌లో అడిగాడు. అప్పారావు అతని వైపు చూడలేదు. నా వైపు తిరిగి, బొంగురు గొంతుతో తెలుగులో చెప్పాడు.

"నువ్వు సెప్పినట్టే మూసినాను బావా. తగ్గనేదు."

అందులో నింద లేదు. మందు వేసుకున్నా జ్వరం తగ్గలేదని డాక్టరుకి చెప్పినట్టు చెప్పాడు. ఆఫీసరు కలం ఎత్తి పట్టుకుని, ఏమంటున్నాడని నన్ను అడిగాడు. ఆ గదిలో తెలుగు తెలిసింది ఇద్దరికే.

వాన జల్లు కొడుతోందని మూసుకున్నాడట, అన్నాను.

ఆయన అదే రాసుకున్నాడు. అప్పారావుకి నాకంటే మంచి మలాయ్ వచ్చు. నేను చెప్పింది విన్నాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. అది కాదు అనడానికి అతనికి చాలా సమయం ఉంది. కళ్లు మూసుకున్నాడు.

పొగ గొట్టం తప్పు, బెజ్జం తప్పు రెండూ మా మీద రాశారు. మేమూ ఒప్పుకున్నాం. కానీ వాటి కింద మూడో వాక్యం ఉంది. జనరేటర్ నడుస్తుండగా సైస్ తనంతట తానే కిటికీ మూసుకున్నాడు, అని. గుర్రాలవాళ్ల మధ్య మిగిలింది ఆ మూడో వాక్యమే. గొట్టం సంగతి మరిచిపోయారు. కిటికీ మూసుకుని పడుకున్న తెలివితక్కువ సైస్ కథ మాత్రం ప్రతి మైదానంలోనూ చెప్పుకున్నారు. నా ఎదుటే ఒకతను చెబితే, నేను నా స్క్రూ నేను బిగించుకున్నాను.

అప్పారావు ఇంటికి వెళ్లి బాగానే ఉన్నాడనుకున్నాం. మూడు వారాల తర్వాత మాట తడబడటం మొదలైంది. నడక నెమ్మదించింది. ఈ గాలి ఒక్కోసారి అలా ఆలస్యంగా దెబ్బ తీస్తుందని డాక్టర్లు చెప్పారు. ఆరు నెలల్లో మాటలన్నీ పోయి, మలాయ్‌లో అవును, కాదు, చాలు అనే మూడు మిగిలాయి. తెలుగు ఒక్కటీ మిగల్లేదు. పలికేది మూడు మాటలే గానీ, మనం అనేది ఎంత అర్థమవుతోందో చెప్పలేమన్నారు.

గంటసేపు

కొత్తవాళ్లు అడిగిన కాగితంలో ఉండాల్సింది ఇదంతా. జనరేటర్‌ని వీలైతే ట్రైలర్‌లో పెట్టకండి. పొడుగు కేబుల్ ఇచ్చి, తలుపులకూ కిటికీలకూ దూరంగా, పొగ అటు తిరిగేలా నేల మీద పెట్టించండి. బండిలోనే కావాలంటే దానికి సొంత ఇనప పెట్టె కట్టండి, గది వైపు వెంట్రుక సందు లేకుండా, బయటి వైపు మాత్రం తెరుచుకునేలా. పొగ గొట్టం గోడ దాటి బయటికి రావాలి, కిటికీ కిందా ఏసీ కిందా కాకుండా. అందంగా లేదంటే లేదని ఒప్పుకోండి. ట్రైలర్ పొట్ట కింద ఆపితే, జనరేటర్ పెట్టె అడుగు సందుల్లోంచీ, గుర్రాల నేలకి మూత్రం పోవడానికి వేసిన తూముల్లోంచీ ఆ పొగ పైకి వస్తుంది. తార్పాలిన్ దించితే ఎటూ పోలేక కూర్చుంటుంది. ప్రతి బెజ్జాన్నీ ఆ రోజే పూడ్చండి. మంచం దగ్గర ఆ గాలిని పసిగట్టే అలారం పెట్టండి, అది పని చేస్తోందో లేదో బండి బయల్దేరే ప్రతిసారీ నొక్కి చూడమనండి.

తౌకే అప్పటిదాకా అమ్మిన ట్రైలర్లన్నింటినీ వెనక్కి పిలిపించి గొట్టాలు మార్పించాడు. నున్నటి పక్కభాగాలన్నీ పాడయ్యాయి. ఆయన నోరెత్తలేదు. అందుకే ఆయన చెడ్డవాడు కాదంటాను.

నా వంతుగా నేను ఒక అలవాటు పెట్టుకున్నాను. ప్రతి ట్రైలర్ పూర్తయ్యాక కిటికీలు మూసి, తార్పాలిన్లు దించి, జనరేటర్ నడిపి, ముందు మీటరు ఒక్కదాన్నే గంటసేపు మంచం మీద పెట్టేవాణ్ని. అది సున్నా చూపిస్తేనే నేను వెళ్లి పడుకునేవాణ్ని, చేతిలో అలారంతో, మరో గంట. మిగతావాళ్లు ముసలాయన కునుకు తీస్తున్నాడని నవ్వుకునేవారు. ఆ గంటలో నేను తెలుగులో మాట్లాడుకునేవాణ్ని. మెలతి తిన్నదా, అక్కడ వానా, అని. నా గొంతు రేకుకి తగిలి నాకే వచ్చేది. పని మానేసేదాకా అన్ని గదుల్లోనూ అలా పడుకున్నాను. చాలా ఒంటరి గదులవి. నేను వైరింగ్ చేసిన ఆ గదుల్లో మనిషి ఎంత ఒక్కడో, అంతకు ముందు నాకెప్పుడూ తట్టలేదు.

ఇంకొకటి. ఎవరైనా ఫోన్ చేసి తలనొప్పి అంటే, పొగ వస్తోందా అని అడగకండి. బయటికెళ్తే తగ్గుతోందా అని అడగండి. అవునంటే, ఇంకేమీ మాట్లాడకుండా బయటే ఉండమనండి.

సుంగై సుమున్

అప్పారావు ఇప్పుడు సుంగై సుమున్‌లో చెల్లెలు నూకమ్మ ఇంట్లో ఉంటాడు. నెలకి రెండు ఆదివారాలు వెళ్తాను. అతనికి కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని తెలుగులో అన్నీ చెబుతాను. కూరగాయలు, మోకాళ్లు, టీవీలో చూసింది. అతను గోడవైపు చూస్తూ, అప్పుడప్పుడు మలాయ్‌లో అవును అంటాడు. నూకమ్మ వంట చేస్తూ వింటుంటుంది. దిగులు పుట్టినప్పుడు అన్నని తిడుతుంది. నీ సేతులతో నువ్వే మూసుకున్నావు, నీ సేతులతో నువ్వే, అని. తిట్టాక అతని మూతి తుడుస్తుంది. ఆవిడ తిట్టిన ప్రతిసారీ నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఏమీ అనలేదు. అంత పిరికివాణ్ని.

కొత్తవాళ్లు కాగితం అడిగి వెళ్లిన మర్నాడు ఆదివారం. వెళ్లాను. వాన పట్టుకుంది. గాలి దూరుతుందని నూకమ్మ కిటికీలన్నీ మూసేసింది. గదిలో ఉక్కగా, చీకటిగా ఉంది. అప్పారావు ఎప్పటిలాగే గోడవైపు కూర్చుని ఉన్నాడు. నేను మోకాళ్ల సంగతి మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. ఆదివారం క్లాసు మాటలు రాలేదు. అతను నేర్పిన మాటలే వచ్చాయి.

"కిటికీ మూసీమన్నది నేను బావా. ఆసుపత్రిలో అబద్ధం ఆడినాను. నువ్వు ఇన్నావు. నీ పేరు నేనే పాడుసేసినాను."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నూకమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఇన్నేళ్లూ అన్నని తిట్టినాను బావా," అంది. అంతే అని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తప్పంతా నాదని మలాయ్‌లోనూ రాస్తానని, ఆ కొత్తవాళ్ల కాగితంలో మొదటి వాక్యం అదేనని, ఆ పాత విచారణ ఆఫీసుకి కూడా పంపిస్తానని అప్పారావుకి చెప్పాను. అతను అవును అనలేదు. కాదు అనలేదు. చాలు అనీ అనలేదు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. ఎక్కడికో తెలీక నేనూ లేచాను. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. గడియతో వేళ్లు చాలాసేపు పెనుగులాడాయి. సాయం చేయబోతే నా చెయ్యి పక్కకి నెట్టాడు.

కిటికీ తెరిచాడు. వాన జల్లు మా ఇద్దరి మీదా పడింది. ఆ తర్వాత అవతలి కిటికీ కూడా తెరిచాడు. తెరిచి వచ్చి, ఇన్నేళ్లుగా గోడవైపు ఉన్న తన కుర్చీని నా కుర్చీ పక్కకి లాక్కుని కూర్చున్నాడు.